ఆరిన్ హాస్కెట్ చెప్పిన ఒక్క మాట

మీరు ఆరిన్ హాస్కెట్‌ను చూసే ఉంటారు. పేరు విని ఉండరు, అది వేరే సంగతి. యుద్ధం సినిమాల్లో కందకంలో మూడో సిపాయి, కోర్టు సీనులో జ్యూరీ బెంచీ మీద చివరి మనిషి, రైలు పెట్టెలో పేపరు చదువుకునే పెద్దమనిషి, హోటల్లో హీరోయిన్ వెనకాల సూపు తాగే మొగుడు, అందరూ ఆయనే. ఒక సినిమాలో అయితే మొదట్లో శవం, చివర్లో ఆ శవానికి న్యాయం జరిగిందని చప్పట్లు కొట్టే జనంలో ఒకడు. ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టకుండా ఉండటానికే మాకు పని ఇచ్చేవాళ్ళు.

మాకు అంటే ఎక్స్‌ట్రాలకు. నా పేరు జెల్మా ప్రూయిట్. వయసులో ఉన్నప్పుడు గుంపులో డాన్సర్ వేషాలు, నడుం లావెక్కాక బానెట్టు టోపీ కట్టుకుని చర్చికి వెళ్ళే పెద్దమ్మ వేషాలు వేశాను. ఫౌంటెన్ అవెన్యూ వెనక సందులో, నడుమ గులాబీలు, రెండు పక్కలా అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు ఉన్న ఆవరణ మాది. నా ఇంటికి ఎదురిల్లు ఆరిన్, లియోటాలది. నా మొగుడు పోయినప్పుడు నెల్లాళ్ళు నాకు అన్నం పెట్టింది ఆ ఇల్లే. అందుకని వాళ్ళ గురించి చెప్పేటప్పుడు నేను న్యాయంగా మాట్లాడతానని ఎవరూ ఆశపడవద్దు.

ఆరిన్‌ది నెబ్రాస్కాలో ఒక గోధుమల ఊరు. ధాన్యం గిడ్డంగిలో గుమాస్తా. రోజూ పొద్దున్నే రైల్వే వాళ్ళకు ఫోన్ చేసి వ్యాగన్లు వచ్చాయా లేదా కనుక్కోవాలి. ఆ ఊరి టెలిఫోన్ ఎక్స్చేంజీలో తీగలు కలిపే పిల్ల లియోటా. అంటే ఆమె ఆయన్ను చూడకముందే విన్నది.

"పొద్దున్నే ఆ గొంతు వినపడకపోతే నాకు కాఫీ తాగినట్టే ఉండేది కాదు జెల్మా" అనేది. "తీరా మనిషిని చూస్తే ఆ చెవులేంటి, చేటలంత! ఏం చేస్తాం, అప్పటికే మనసు ఇచ్చేసుకున్నాను."

ఆరిన్ పక్కనే కూర్చుని చెవులు తడుముకునేవాడు.

గొంతు మాత్రం నిజంగా గొంతే. పెద్దదేం కాదు. చలికాలంలో పొయ్యి పక్కన కూర్చున్నట్టుండేది, అంతే. ఆయన మాట్లాడుతుంటే ఇంకాసేపు కూర్చుందాం అనిపించేది. నీ గొంతుకి నువ్వు సినిమాల్లో ఉండాల్సినవాడివయ్యా అని ఊరంతా అనీ అనీ, పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో మొగుడూ పెళ్ళాల్ని బస్సెక్కించారు. హాలీవుడ్ ఆయన్ను తీసుకుంది కూడా. ఒక్క గొంతును తప్ప. వాళ్ళకు కావలసింది ఎవరి కోటు తొడిగినా సరిపోయే ఆ భుజాలు.

మా పనిలో మొదటి పాఠం ఒకటుంది. హీరో హీరోయిన్లు ముందు బల్ల దగ్గర మాట్లాడుకుంటుంటే, వెనక బల్లల దగ్గర మేమూ మాట్లాడుకోవాలి, నవ్వాలి, పోట్లాడుకోవాలి. కానీ చప్పుడు రాకూడదు. మైకులోకి వాళ్ళ మాటలే వెళ్ళాలి. పెదాలు ఆడాలి, కనుబొమలు ఎగరాలి, గొంతు మాత్రం పెగలకూడదు. కొత్తవాళ్ళకు ఎక్కడో ఒక చోట గుసగుస జారిపోతుంది, మర్నాడు వాళ్ళకు పిలుపుండదు. ఈ విద్యలో ఆరిన్‌ను మించినవాడు లేడు. కెమెరా తిరగడం మొదలైందంటే ఆయన గొంతుకు తాళం పడిపోయేది. నాకు ఎదురుగా కూర్చుని ఒక్క చప్పుడు లేకుండా ఏదో పిట్టకథ మొదలెట్టేవాడు. నేను చప్పుడు లేకుండా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాలి. ఎంత నరకమో పడినవాళ్ళకు తెలుస్తుంది.

ఇంకో నియమం కూడా ఉంది. మాట్లాడినవాడు నటుడు, మాట్లాడనివాడు గుంపు. ఒక్క మాట అన్నా సరే, వాడి యూనియన్ కార్డు మారిపోతుంది, కూలి లెక్క మారిపోతుంది, భోజనాల దగ్గర కూర్చునే బల్ల కూడా మారిపోతుంది. అందుకని ఎక్స్‌ట్రా నోట్లోంచి మాట రాకుండా కంపెనీవాళ్ళు వెయ్యి కళ్ళతో కాపలా కాసేవాళ్ళు. హీరో "టైమెంత?" అని అడిగితే గోడ గడియారం వైపు చూపించాలి తప్ప నోరు తెరవకూడదు.

యాభై ఐదులో ఆరిన్‌కు టీవీలో స్థిరమైన పని దొరికింది. కౌబాయ్ సీరియల్, పేరు నేను చెప్పను. అందులో సారాకొట్టు నడిపే మనిషి. కౌంటర్ వెనక నిలబడి గ్లాసులు తుడవాలి, షెరీఫ్ వస్తే తల ఊపాలి, తుపాకులు పేలితే వంగాలి. వారం వారం అదే. సంతలో కూరగాయలు కొంటుంటే పిల్లలు గుర్తుపట్టి వెంటపడేవాళ్ళు. మా ఇంటి యజమానురాలు మిసెస్ డ్రుగాన్ అయితే తన ఆవరణలో నటుడున్నాడని వీధంతా చాటింది. నటుడు కాదమ్మా అని ఆరిన్ ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

ఆ రోజుల్లోనే లియోటా కళ్ళు పోవడం మొదలైంది. నీటికాసులు. మొదట పక్కలు కనిపించలేదు, తరువాత మధ్యన పొగ కమ్మింది, చివరికి వెలుగు ఉందో లేదో తెలియడం ఒక్కటే మిగిలింది. డాక్టర్లు చేతులెత్తేశారు. ఆమె పెద్దగా ఏడవలేదు. ఆరిన్ పని నుంచి రాగానే పక్కన కూర్చుని ఆ రోజు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి వినిపించేవాడు, మేకప్పు కూడా సరిగ్గా కడుక్కోకుండా. ఎదురింట్లో గిన్నెలు తోముకుంటూ నేనూ వినేదాన్ని. ఎక్కడో ధరలు పెరిగాయన్న వార్త కూడా ఆ గొంతులో బాగానే ఉండేది.

సీరియల్ వచ్చే రోజు మాత్రం ఆమె మనసు ఉగ్గబట్టుకోలేకపోయేది.

"చూశావా జెల్మా, నా మొగుణ్ణి దేశమంతా చూస్తుంది, నేను తప్ప" అంది ఒకరోజు. "ఒక్క మాటన్నా అనకూడదటయ్యా ఆరిన్? ఒక్కటంటే ఒక్కటి. నువ్వు అందులో ఉన్నావని నాకూ తెలుస్తుంది కదా."

"నా చేతిలో ఉందా లియోటా?"

"ఒక గ్లాసు పగలగొట్టవయ్యా పోనీ. ఆ చప్పుడన్నా వింటాను."

ఆయన నవ్వాడు. కానీ ఆ మాట ఆయన లోపల దిగబడిపోయిందని నాకు తెలిసింది. అప్పటిదాకా ఇది కావాలని ఎవర్నీ అడగనివాడు, ఆ నెల నుంచి అసిస్టెంట్ డైరెక్టర్ కనిపించినప్పుడల్లా టోపీ తీసి నిలబడేవాడు. అడిగేవాడు కాదు పాపం. నిలబడేవాడు.

అరవై ఒకటిలో అదృష్టం మరో దారిన వచ్చింది. ప్రేక్షకుల నుంచి ఉత్తరాలొస్తున్నాయట, ఆ సారాకొట్టాయన మూగవాడా అని. ఒకావిడైతే అతన్ని మూగవాడిగా చూపించి గౌరవించినందుకు కృతజ్ఞతలు చెప్పిందట. కథ రాసేవాళ్ళు నవ్వుకుని, పోనీ ఒక మాట ఇద్దామన్నారు. సంగతి ఇదీ. షెరీఫ్‌కు ఎప్పుడో దూరమైన కొడుకు ఊళ్ళోకి వచ్చి, తండ్రిని కలవకుండానే వెళ్ళిపోతాడు. షెరీఫ్ సారాకొట్టులోకి పరుగున వచ్చి "ఏడీ వాడు?" అంటాడు. ఆరిన్ తలెత్తి చెప్పాలి. "వెళ్ళిపోయాడు షెరీఫ్. మీ గురించి అడగను కూడా లేదు."

ఆ వారమంతా మా ఆవరణలో ఆ మాట తప్ప మరో మాట లేదు. ఆరిన్ గడ్డం గీసుకుంటూ అనేవాడు, చెత్త పారబోస్తూ అనేవాడు. లియోటా కుర్చీలో కూర్చుని దిద్దేది.

"అంత జాలి వద్దు. నువ్వు సారా అమ్మేవాడివి, పాస్టరువి కాదు. మళ్ళీ చెప్పు."

"వెళ్ళిపోయాడు షెరీఫ్..."

"ఇప్పుడు మరీ పాల సీసాలు పడేసి పోయేవాడిలా ఉంది. మళ్ళీ."

చివరికి శుక్రవారం నాడు ఆమె ఏమీ దిద్దలేదు. చెయ్యి చాపింది, ఆయన పట్టుకున్నాడు. "అదీ" అంది. ఆవరణలో గులాబీలకు నీళ్ళు పోస్తున్న నేను కూడా విన్నాను. అంత మామూలుగా చెబితే నమ్మనివాడుండడు.

షూటింగు రోజు నేనూ ఆ సెట్టులోనే ఉన్నాను, కిటికీ అవతల నడిచిపోయే మనిషిగా. హీరోకు ఆ సాయంత్రం ఎక్కడికో ప్రయాణం. అందరూ కంగారుగా ఉన్నారు. రిహార్సల్ హీరోకే చేయించారు, ఆరిన్‌ను ఎక్కడ నిలబడాలో చూపించి వదిలేశారు. దీపాలు వెలిగాయి. కెమెరా తిరిగింది. హీరో తలుపు తోసుకుని వచ్చాడు. "ఏడీ వాడు?"

ఆరిన్ గ్లాసు కింద పెట్టాడు. తలెత్తాడు. పెదాలు కదిలాయి, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. "వెళ్ళిపోయాడు షెరీఫ్. మీ గురించి అడగను కూడా లేదు." కిటికీ అవతల నుంచి పెదాలు చూసి నేను మొత్తం చదివాను. చప్పుడు లేదు. రవ్వంత చప్పుడు కూడా లేదు.

కెమెరా తిరిగితే గొంతు తాళం వేసుకోవాలని ఇరవై మూడేళ్ళు ఆ మనిషికి నేర్పారు. ఆయన నేర్చుకున్నాడు.

హీరో పాత కాపు, ఆగలేదు. మాట వినపడ్డట్టే ముఖం పెట్టాడు, కళ్ళలో నీళ్ళు తెప్పించుకున్నాడు, టోపీ తీశాడు. డైరెక్టరు "కట్! బ్రహ్మాండం!" అని అరిచాడు.

మైకు చూసేవాడు చెవులకున్నవి తీసేసి, "సార్, ఆయన మాట పడలేదు" అన్నాడు.

"ఎవరి మాట?"

"సారాకొట్టాయనది."

"హీరోది పడిందా?"

"పడింది."

"ఇంకేం మరి! ఇలాంటి కన్నీళ్ళు రెండోసారి వస్తాయా? ఆ గొంతేదో తరువాత అతికిద్దాం. పదండి, తరువాతి షాటు."

అప్పుడు ఆరిన్ కౌంటర్ వెనక నుంచి అన్నాడు, "సార్, ఇంకొక్కసారి. దయచేసి." గది నాలుగు మూలలా ఖంగుమంది ఆ గొంతు.

"ఇప్పుడొచ్చిందయ్యా నాయనా!" అన్నాడు దీపాలవాడొకడు పై నుంచి. అందరూ గొల్లున నవ్వారు. వాళ్ళ మీద నాకిప్పటికీ కోపమే. నవ్వు రావలసిన చోటే అది, నాకు తెలుసు. అయినా కోపమే.

బస్సులో వస్తుంటే ఆరిన్ నా పక్క సీట్లో కూర్చున్నాడు. "నేను చెప్పాననే అనుకున్నాను జెల్మా" అన్నాడు. "నా చెవులకు వినపడింది కూడా."

"డబ్బింగుకు పిలుస్తారులే. నీ ముఖం మీద నీ గొంతు కాక ఎవరిది పెడతారు?"

"ఫోన్ చేస్తామన్నారు. లియోటాకు మాత్రం చెప్పకు. పిలిచాక వెళ్ళి చెప్పి వస్తే సరిపోతుంది కదా. ఆమె వినేసరికి అంతా సరిగ్గానే ఉంటుంది."

ఇంటికి రాగానే ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. "చెప్పావా?"

"చెప్పాను" అన్నాడు.

ఆ తరువాత ఇంట్లో ఉన్నంతసేపూ ఆ మనిషి ఫోన్ దగ్గర నుంచి కదిలితే ఒట్టు. రొట్టె కొనడానికి కూడా నన్ను పంపేవాడు. "ఏంటయ్యా, ఒక్క మాట అన్నావో లేదో పెద్ద స్టారువి అయిపోయావు, ఫోన్ వదలవు" అని లియోటా ఏడిపించేది. ఆయన అవునవును అనేవాడు. రెండుసార్లు ఆయనే కంపెనీకి ఫోన్ చేశాడు. ఒకసారి చూస్తామన్నారు, ఒకసారి ఆ ఎపిసోడ్ ఏదని అడిగారు. నేను ఆ అసిస్టెంట్ డైరెక్టరును నిలదీశాను కూడా. "అంత చిన్నదానికి ఎక్స్‌ట్రాను పిలిపిస్తే నా ఉద్యోగం ఊడుతుందమ్మా. పక్క గదిలో డబ్బింగు చెప్పేవాడు ఉంటాడు, ఎవడో ఒకడు అనేస్తాడు" అన్నాడు. ఆ సంగతి ఆరిన్‌కు చెప్పాను. అప్పటికే ఆయన ముఖం ఎలా ఉందంటే, తెలిసినదాన్నే మళ్ళీ చెప్పినట్టయింది.

"లియోటాకు చెప్పేద్దాం ఆరిన్."

"రేపు చెబుతాను."

చెప్పలేదు. ప్రసారమయ్యే రోజు రానే వచ్చింది. మిసెస్ డ్రుగాన్ ఆవరణలో అందర్నీ పోగేసి తీసుకొచ్చింది, నిమ్మకాయ కేకు చేసుకుని మరీ వచ్చింది. లియోటా జుట్టు సర్దించుకుని, నీలం గౌను వేసుకుని టీవీకి దగ్గరగా కూర్చుంది. ఎవరైనా దగ్గితే ఉష్షంటోంది. ఆరిన్ ఆమె కుర్చీ వెనక నిలబడి, కుర్చీ వీపు పట్టుకున్నాడు. నాకు ఆ గదిలోంచి లేచి పారిపోవాలనిపించింది.

షెరీఫ్ తలుపు తోసుకుని వచ్చాడు. "ఏడీ వాడు?" తెర మీద ఆరిన్ ముఖం, తెరంతా. ఎంత బాగున్నాడో. నోరు తెరిచాడు. ఎవడో కుర్రవాడి గొంతు, ముక్కుతో మాట్లాడే గొంతు, గబగబా అనేసింది. "వెళ్ళిపోయాడు షెరీఫ్. మీ గురించి అడగను కూడా లేదు."

మిసెస్ డ్రుగాన్ కేకు ముక్క నోటి దాకా తీసుకెళ్ళి ఆపేసింది. అందరి చూపూ లియోటా మీదే. ఆమె రెండు క్షణాలు అలాగే ఉంది. అంతలో ముఖమంతా నవ్వుతో, చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టింది.

"ఎంత బాగా చెప్పావు ఆరిన్! సరిగ్గా మనం అనుకున్నట్టే!"

అందరూ ఊపిరి పీల్చుకుని చప్పట్లు అందుకున్నారు. ఆరిన్ ఆమె భుజం తట్టి, చెత్త బుట్ట తీసుకుని బయటికి వెళ్ళాడు. బుట్ట ఖాళీగానే ఉంది.

నేను వెనకాలే వెళ్ళాను. మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"గుర్తుపట్టలేదు జెల్మా" అన్నాడు. "నన్ను చూడకముందే నా గొంతు తెలుసు ఆమెకు. ఇప్పుడు వాడెవడి గొంతో విని నేనే అనుకుంది."

"నీ మనసు కష్టపెట్టకూడదని అలా అందేమో."

"లేదు. ఆ సంతోషం నటన కాదు. నటన ఎలా ఉంటుందో నాకు తెలియదా?"

నాకేం తెలుసు? నేను చూసిందీ ఆ నవ్వే. నేనూ నమ్మాను.

ఆ తరువాత ఆరిన్ పేపరు చదవడం మానేశాడు. గొంతు బాగాలేదన్నాడు. "నువ్వు చదివిపెట్టు, నీకు కళ్ళజోడు కొత్తది కదా" అని నన్ను పిలిచేవాడు. నేను చదువుతుంటే ఒక మూల కూర్చునేవాడు. లియోటా కూడా చదవమని ఆయన్ను బలవంతపెట్టలేదు. కాఫీ తాగుతావా, ఆ కిటికీ వెయ్యనా, అంతవరకే ఆ ఇంట్లో మాటలు. రోజుకు పది మాటలు మాట్లాడుకునేవాళ్ళేమో. పోట్లాట కాదు, పోట్లాటైతే నేను మధ్యలో దూరి తీర్చేదాన్ని. ఒకరంటే ఒకరికి ఎక్కడలేని మర్యాద. చూడలేకపోయేదాన్ని.

సీరియల్ ఇంకా నడిచింది. ఆరిన్ గ్లాసులు తుడిచాడు, తల ఊపాడు. అరవై నాలుగు ఫిబ్రవరిలో న్యుమోనియా వచ్చి పోయాడు. ఆసుపత్రిలో చివరి రెండు రోజులూ లియోటా చెయ్యి పట్టుకునే ఉంది. ఆయన ఆమెతో ఏమీ అనలేదు. నాతో మాత్రం, ఆమె మందులు వేళకు చూడమని అన్నాడు. శ్మశానానికి ఎక్స్‌ట్రాలం ఒక బస్సెడు మందిమి వెళ్ళాం. ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పకుండానే సరిగ్గా నిలబడ్డాం.

ఆ వేసవిలో పాత ఎపిసోడ్లు మధ్యాహ్నాలు మళ్ళీ వేయడం మొదలుపెట్టారు. నేను లియోటా ఇంట్లో బట్టలు మడతపెడుతూ టీవీ పెట్టాను, ఏం వస్తోందో చూసుకోలేదు. తలుపు చప్పుడైంది. "ఏడీ వాడు?" అన్నాడు షెరీఫ్. నేను లేచేలోపే ఆ ముక్కు గొంతు అనేసింది.

"కట్టెయ్ జెల్మా" అంది లియోటా. "ఆ కుర్రవాడెవడో మళ్ళీ వచ్చాడు."

తువ్వాలు పక్కన పడేసి లేచాను. టీవీ కట్టేశాను.

"నీకు అప్పుడే తెలుసా?"

"నాకు తెలియకపోవడమేంటి? మొదటి అక్షరానికే తెలిసింది. ఆయన నా కుర్చీ పట్టుకుని ఉన్నాడు. ఆ కుర్చీ వణికింది జెల్మా. నేనింకేం అనగలను, అందరి ముందూ? గొంతు మార్చేశారన్న బాధ ఆయనకు చాలు కదా. పేపరు చదవడం మానేస్తే కూడా అడగలేదు. చదివితే అదే గుర్తొస్తుందేమో, తనంతట తనే మొదలుపెడతాడులే అనుకున్నాను."

చెయ్యి వెనక్కి పెట్టి కుర్చీ వీపు తడిమింది.

"ఆయనకు తెలుసుగా?" అంది. "నేను ఆయన కోసమే అలా అన్నానని? నాకు తెలిసిందని ఆయనకు తెలుసుగా?"

ఆమె ముఖం నా వైపే ఉంది. నా గొంతులో ఏ మాత్రం తేడా వచ్చినా పట్టేస్తుంది.

"తెలుసు లియోటా" అన్నాను. "నాతో చెప్పాడు."